బిగించిన కుర్చీలు

పొద్దున్నే క్లినిక్ తలుపు తీసి ఆమె కుర్చీలన్నీ గోడవారగా సర్దేది. సర్దినవి సర్దినట్టు ఉంటే ఇంకేం కావాలి! జనం వచ్చి కూర్చోగానే, ఎవరి ఒంట్లో జబ్బు ముదిరిందో వాళ్ళ కుర్చీ నెమ్మదిగా డాక్టరు గారి గది వైపు జరిగేది. జలుబువాళ్ళ కుర్చీలు ఉన్నచోటే ఉండేవి. ఇక మందులకు లొంగని జబ్బయితే కుర్చీ వీధి గుమ్మం వైపు తిరిగేది. అప్పుడు డాక్టరు గారే బయటికొచ్చి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మాట్లాడి ఇంటికి పంపేవారు.

కుర్చీ జరిగినవాళ్ళని లోపలికి పంపడమే ఆమె ఉద్యోగం. ముందొచ్చినవాళ్ళు సణిగేవారు, అంతే.

"ఈ కుర్చీకి నేనంటే బొత్తిగా లెక్కలేదమ్మా," అని ఒక పెద్దాయన వచ్చినప్పుడల్లా గొణిగేవాడు.

"లెక్కలేకపోవడమే మీ అదృష్టమండీ," అనేది ఆమె.

డాక్టరు గారి కోడలు క్లినిక్ చూసుకోవడం మొదలుపెట్టాక పద్ధతులు మారాయి. ఫోన్లో టైము ఇవ్వడం, ఆ టైముకే పిలవడం. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. పడిగాపులు తగ్గాయి, డాక్టరు గారు వేడన్నం తింటున్నారు. కానీ టైము తీసుకుని వచ్చినవాళ్ళని దాటుకుని ఇంకెవరి కుర్చీయో ముందుకు జరిగేసరికి గొడవ మళ్ళీ మొదటికొచ్చేది.

"నేలకి బిగించేద్దాం," అంది కోడలు.

"మరి ఎవరి సంగతేంటో ఎలా తెలుస్తుందమ్మా?"

"నోరుంది కదా, చెప్తారు."

ఆ మాటా సబబుగానే తోచింది ఆమెకి. బిగించే పని ఫిట్టరైన ఆమె భర్తకే వచ్చింది. ఆయన బిగిస్తే ఏనుగు లాగినా ఊడదని పేరు.

ఇదివరకు సాయంత్రాలు ఆమె కోసం గేటు బయటే నిలబడేవాడు. ఇప్పుడు కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి గనక లోపలికొచ్చి మూల కూర్చునేవాడు. మనిషి కాస్త చిక్కాడు. అడిగితే, "వయసొస్తోందిలే," అని కొట్టిపారేసేవాడు. ఆయన కూర్చున్నప్పుడల్లా కుర్చీ కాళ్ళు కిర్రుమనేవి.

"చెవులు చిల్లులు పడుతున్నాయి, కాస్త నూనె వెయ్యండి," అంది ఆమె. వేశాడు కూడా.

ఒక సాయంత్రం బోల్టులు ఫట్టుమని తెగాయి. కుర్చీ ఆయనతో సహా వీధి గుమ్మం వైపు తిరిగింది.

ఇన్నాళ్ళూ అది డాక్టరు గారి గది వైపే పెనుగులాడిందేమో, అప్పుడే వదిలి ఉంటే మనిషి దక్కేవాడేమో అన్న ఆలోచన ఆమె గుండెని పిండేసింది.

డాక్టరు గారు వచ్చి ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నారు. "పెద్దాసుపత్రికి రాసిస్తాను," అన్నారు.

"వద్దులెండి డాక్టరు గారూ, ఇంట్లోనే ఉంటాను," అన్నాడాయన. తర్వాత ఆమె వైపు తిరిగి, "నా సంచిలో పానా ఉంది, ఇలా తే," అన్నాడు.

"ఇప్పుడెందుకండీ? ఇంటికి పోదాం పదండి."

"బిగించింది నేనే కదా. విప్పడానికి ఇంకొకడెందుకు?"

మోకాళ్ళ మీద కూర్చుని మిగతా కుర్చీల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పానా జారింది. ఆమె కూడా పక్కన కూలబడి, ఆయన చేతి మీద తన చెయ్యి వేసి తిప్పింది. కోడలు వచ్చి ఊడిన బోల్టులు ఏరసాగింది.

కిటికీ పక్క కుర్చీలో ఒక తల్లి పసిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని టైము కోసం చూస్తోంది. ఆ కుర్చీ ఆఖరి బోల్టు వదలగానే అది ఒక్క ఊపున డాక్టరు గారి గది గుమ్మానికి తగిలింది.

"అయ్యో, మా టైము ఇంకా కాలేదండీ! కాస్త జ్వరమే, నిద్రపోతోంది," అంది తల్లి.

"టైము సంగతి తర్వాతమ్మా, ముందు లోపలికి తీసుకెళ్ళు!" అని అరిచాడు ఆమె భర్త. డాక్టరు గారు అప్పటికే పాపని అందుకుని లోపలికి పరిగెత్తారు.

చాలాసేపటికి లోపలినుంచి పసిదాని ఏడుపు గట్టిగా వినిపించింది. గండం గడిచిందని డాక్టరు గారు తలుపు తీసి చెప్పారు.

అప్పుడు ఆమెకి దుఃఖం ఆగలేదు. ఆయన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన కాసేపు ఏడవనిచ్చాడు.

"ఇంకా కుర్చీలున్నాయే," అన్నాడు మెల్లగా. "నా ఒక్కడి వల్ల కావడం లేదు. పానా గట్టిగా పట్టుకో."

ఆమె కళ్ళు తుడుచుకుని పట్టుకుంది.