రాగిడేగను గీసిన చెయ్యి

వెర్నా కొవాల్చిక్‌కి వీరుల మీద కన్నా వాళ్లని గీసినవాళ్ల మీద మక్కువ ఎక్కువ. వారంలో ఐదు రోజులు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో టెలిఫోన్ కంపెనీ విచారణ గదిలో కూర్చుని, ఎవరి నంబరు అడిగితే వాళ్లది వెతికి చెప్పేది. మిగతా రెండు రోజులూ పాత కామిక్ పుస్తకాలతో గడిపేది. వంటగది బల్ల మీద సైక్లోస్టైలు యంత్రం పెట్టుకుని, వాటి పుట్టుపూర్వోత్తరాల గురించి చిన్న పత్రిక నడిపేది. దానికి నూట పది మంది చందాదారులు. వాళ్లలో ఆడవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు వెర్నా వాళ్లమ్మ.

ఆ పుస్తకాల చరిత్ర రాయడం తేలికైన పని కాదు. పాతికేళ్ల కిందట పది సెంట్లకి దొరికిన వీరుల కథలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చిత్తుకాగితాల కింద పోయాయి. మిగిలినవాటిని ఆ తర్వాత, పిల్లల్ని పాడుచేస్తున్నాయంటూ కొన్ని ఊళ్లలో బడి ఆవరణలోనే పోగేసి తగలబెట్టారు. వాటిని ఎవరు గీశారో అచ్చువేసినవాళ్లే రాసిపెట్టుకోలేదు. ఒక గదిలో పదిమంది వరసగా కూర్చుని, ఒకరు పెన్సిలు గీతలు, ఒకరు సిరా, ఒకరు వెనకాల ఇళ్లూ వీధులూ, ఒకరు అక్షరాలూ పూర్తిచేసి పంపేవారు. పైన ఏదో కల్పించిన పేరు ఉండేది, లేదా అదీ ఉండేది కాదు. పేరు లేనప్పుడు గీతని బట్టే మనిషిని పోల్చుకోవాలి. వెర్నాకి ఆ విద్య పట్టుబడింది.

ఆమెకి దొరకనివాడు ఒక్కడే. ‘రాగిడేగ’ అనే వీరుడి మొదటి ఆరు సంచికలూ గీసినవాడు. ఆ రోజుల్లో మిగతా వీరులు కొయ్యబొమ్మల్లా ఎగిరేవారు. రాగిడేగ మాత్రం ఒంట్లో బరువున్న మనిషిలా ఎగిరేవాడు. మేడ మీద దిగితే మోకాళ్లు వంగేవి, దుప్పటంత వస్త్రం వీపు మీద నెమ్మదిగా సర్దుకునేది. 1942 వసంతంలో, ఆరో సంచిక తర్వాత, ఆ చెయ్యి మాయమైంది. ఇంకే పుస్తకంలోనూ కనబడలేదు. యుద్ధంలో పోయి ఉంటాడని చందాదారులు ఉత్తరాలు రాశారు. వెర్నా కూడా దాదాపు అదే నమ్మింది.

1966 ఏప్రిల్‌లో ఒక శనివారం ఆమె బ్రూక్లిన్‌లో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే, చేతితొడుగులు బాగుచేసే దుకాణం బోర్డు కంటబడింది. బోర్డు మీద తెరిచిన అరచెయ్యి. దాని బొటనవేలు విల్లులా వెనక్కి వంగి ఉంది. రాగిడేగ గోడ అంచు పట్టుకుని వేలాడినప్పుడు బొటనవేలు సరిగ్గా అలాగే వంగేది. వెర్నా నడిరోడ్డు మీదే నిలబడిపోయింది. ఒక కారువాడు కిటికీలోంచి తల బయటపెట్టి, చావాలనుంటే ఇంకో వీధిలో చావమన్నాడు. ఆమెకి వినబడలేదు.

బోర్డు రాసింది హైమన్ లుబెట్‌కిన్ అనే ఆయన, రెండు వీధుల అవతల మూడో అంతస్తులో ఉంటాడు అని దుకాణదారు చెప్పాడు. పని బాగా చేస్తాడు కానీ మాట తక్కువ అని కూడా అన్నాడు.

తలుపు తీసినాయనకి యాభై రెండేళ్లే గానీ అంతకన్నా పెద్దగా కనబడ్డాడు. వేళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగు ఎండిపోయి ఉంది. వెర్నా తనెవరో చెప్పుకుని, సంచిలోంచి రాగిడేగ మూడో సంచిక తీసి చూపించింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“ఇది గీసినవాడు చచ్చిపోయాడమ్మాయ్” అన్నాడు. “వెళ్లు. మళ్లీ రాకు.”

తలుపు మూసుకుంది. వెర్నా మెట్లు దిగి వీధి మొగ దాకా వెళ్లేసరికి వెనక నుంచి చెప్పుల చప్పుడు వినబడింది. ఇంట్లో కట్టుకున్న ఏప్రన్‌తోనే ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. లుబెట్‌కిన్ భార్య ఫ్రీదా. ఆవిడ వెర్నా చెయ్యి పట్టుకుని, పక్కనే ఉన్న లాండ్రీలోకి తీసుకుపోయి, తిరుగుతున్న బట్టల యంత్రాల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టింది. ఏప్రన్ జేబులోంచి మడతలు నలిగిన ఉత్తరం తీసింది. దాన్ని ఆయన షర్టుల అడుగున దాచుకున్నాడనీ, పెళ్లయిన ఇరవై ఏళ్లలో దాని గురించి తనతో ఒక్కసారే మాట్లాడాడనీ చెప్పింది.

ఉత్తరం 1942 మార్చి నాటిది. ‘ఈ పుస్తకం గీసినవారికి’ అని మొదలైంది. రాయించింది ఈస్ట్ హార్లెం నూట పద్నాలుగో వీధిలో ఉండే అస్సుంతా కర్దోనె అనే తల్లి, రాసిపెట్టింది ఆ వీధి మందులషాపాయన. ఏడేళ్ల నా కూతురు ఫిలొమెనా మీ రాగిడేగని చూసి, బల్లగుడ్డ వీపున కట్టుకుని, రెండో అంతస్తు ఇనుప మెట్ల మీంచి ఎగరబోయి పడింది. డాక్టర్లు తెల్లారేదాకా బతకదంటున్నారు. మీకు పిల్లలుంటే దేవుడు వాళ్లని కాపాడుగాక. అంతే ఉంది.

“మాకు పిల్లల్లేరు” అంది ఫ్రీదా. “ఆయనే వద్దన్నాడు. తెల్లవారి ఆ పిల్ల ఏమైందో వెళ్లి కనుక్కోడానికి కాళ్లు రాలేదట. ఆ రోజే పెన్సిలు కింద పెట్టేశాడు. నువ్వు మనుషుల్ని వెతుకుతానన్నావు కదా తల్లీ. ఆ సమాధి ఎక్కడుందో వెతికిపెట్టు. మా యూదుల ఆచారం ప్రకారం వెళ్లి దాని మీద ఒక రాయి పెట్టొస్తే, ఆయన గుండెల మీద రాయి దిగుతుందేమో.”

వెర్నా ఉత్తరం తీసుకుంది గానీ, వారం రోజులు దాన్ని మళ్లీ విప్పలేకపోయింది. చిన్నప్పుడు తనూ ఆ పుస్తకాలు చదివి మంచం మీంచి దూకినదే. తను ప్రేమించిన బొమ్మలు నిజంగానే ఒక పిల్ల ప్రాణం తీశాయని తేలితే, తన పత్రికలో ఆ తర్వాత ఏం రాయాలో ఆమెకి తోచలేదు. తెలుసుకోకపోవడమే నయమనిపించింది. అలా అనిపించగానే, పాతికేళ్లుగా ఆయన చేసిందీ అదేనని స్ఫురించి, మర్నాడే బయల్దేరింది.

నూట పద్నాలుగో వీధిలో ఆ ఇల్లు లేదు. దాంతోపాటు వరసంతా కూల్చి ప్రభుత్వంవారి ఎత్తయిన మేడలు కట్టారు. మందులషాపు కూడా పోయింది. ఇటలీవాళ్ల చర్చి ఒక్కటే మిగిలింది. అక్కడ రికార్డులు చూసే ముసలాయన ఆమె పోలిష్ పేరు విని ముందు మొహం చిట్లించినా, ఉత్తరం చదివాక మాట్లాడకుండా 1942 నాటి ఖనన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మార్చి నుంచి డిసెంబరు దాకా ఇద్దరూ వేలు పెట్టుకుంటూ చదివారు. కర్దోనె పేరు లేదు. వేరే చోట పూడ్చి ఉంటారేమోనని వెర్నా గొణిగింది. ముసలాయన ఇంకో పుస్తకం తెచ్చాడు. అది పెళ్లిళ్లది. 1955 జూన్ పేజీలో వేలు ఆపి, కళ్లజోడు సర్దుకుని, పుస్తకాన్ని వెర్నా వైపు తిప్పాడు. ఫిలొమెనా కర్దోనె, వధువు, ఇరవై ఏళ్లు. తల్లి పేరు అస్సుంతా. వరుడి ఇంటిపేరు బెలుచి.

వెర్నా ఆ బల్ల మీదే తల వాల్చి ఏడ్చింది. ముసలాయన చెయ్యడానికేమీ తోచక ఆమెకి ఒక పిప్పరమెంటు బిళ్ల ఇచ్చాడు.

బెలుచి నంబరు వెతకడం ఆమెకి ఒక పూట పని. ఆ ఇంటిపేరుతో క్వీన్స్‌లోనే కొరోనా అనే పేటలో నలుగురుంటే మూడో ఫోనుకే దొరికింది. ఫిలొమెనా టోపీలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తోంది. నవ్వితే ఎత్తుపన్ను కనబడే బొద్దుమనిషి, ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. వెర్నాని వంటింట్లో కూర్చోబెట్టి, కాఫీ పోసి, ఉత్తరం చదివింది.

“మా అమ్మ ఉత్తరం రాయించిందా? నాతో ఒక్క ముక్క చెప్పలేదే” అంది. తర్వాత తల పట్టుకుంది. “అయ్యో దేవుడా. నేనసలు దూకలేదండీ.”

ఆమె చెప్పిన సంగతి ఇది. బల్లగుడ్డ వాళ్లమ్మ పెళ్లినాటిది. ఫిలొమెనా దాని మీద వైన్ ఒలకబోసింది. ఎవరూ చూడకుండా ఉతికి ఇనుప మెట్ల కటకటాల మీద ఆరేసింది. గాలికి అది లేచి కింది కొక్కేనికి తగులుకుంది. అందుకోబోయి, పట్టుకుని, దాంట్లోనే చుట్టుకుని కిందపడింది. మూడు రోజుల తర్వాత ఆస్పత్రిలో స్పృహ వచ్చేసరికి, వాళ్లమ్మ, అన్నయ్య దిండు కింద దొరికిన పుస్తకం పట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. ఇది చూసే కదా దూకావు అని అడిగింది.

“నేను తలూపాను” అంది ఫిలొమెనా. “అప్పటికే కాలు విరిగింది. బల్లగుడ్డ సంగతి చెబితే చేతులు కూడా విరగ్గొట్టేది మా అమ్మ. పుస్తకం మీదకి నెట్టేస్తే పోతుంది, దానికేం దెబ్బ తగులుతుంది అనుకున్నా. నాకప్పటికి ఇంగ్లీషు చదవడమే రాదు. దాని వెనకాల ఒక మనిషుంటాడని నాకేం తెలుసు? పేరైనా లేదు కదా దాని మీద.”

బతికానని మళ్లీ ఎందుకు రాయించలేదని వెర్నా అడిగింది. ఫిలొమెనా భుజాలెగరేసింది. పిల్ల బతికితే ఎవరైనా చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తారు గానీ, పుస్తకాల కంపెనీకి ఉత్తరం రాస్తారా అంది. తర్వాత లేచి కోటు తొడుక్కుంది. భర్త భోజనం సంగతి వెర్నా గుర్తుచేస్తే, ఒక పూట ఆయనే వండుకుంటాడంది.

ఫ్రీదా తలుపు తీసింది. వెర్నా పక్కన కొత్త మనిషిని చూసి, ఎవరని అడగబోయి, ఆమె కాలు చూసి ఆగిపోయింది. ఆవిడ చెయ్యి గుమ్మాన్ని పట్టుకుంది. లోపలి గదిలో లుబెట్‌కిన్ చేపల దుకాణం బోర్డుకి రంగు వేస్తున్నాడు. మళ్లీ వచ్చినందుకు వెర్నాని తిట్టబోతూ తలెత్తాడు.

“నేను ఫిలొమెనానండీ” అంది ఆమె. “నూట పద్నాలుగో వీధి. బల్లగుడ్డ.”

ఆయనకి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. కుంచె చేతిలోంచి జారి చేప కంటి మీద పడింది. ఫిలొమెనా దగ్గరకెళ్లి, ఎదురుగా నేల మీదే కూర్చుని, వైన్ ఒలకడం నుంచి తలూపడం దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. మధ్యలో రెండుసార్లు క్షమించమంది. ఆయన ఆమె ముఖం వైపే చూస్తూ విన్నాడు.

“పిల్లలున్నారా?” అన్నాడు చివరికి.

“ముగ్గురు. ముగ్గురూ రాక్షసులే.”

“నువ్వు దూకలేదు.”

“ఎందుకు దూకుతానండీ? నాకు కుర్చీ ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. ఆ రోజు నుంచీ కాదు, పుట్టినప్పట్నుంచీ అంతే.”

ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. వెర్నా కంగారుపడింది గానీ, ఫ్రీదా మాత్రం అదేమిటో అర్థమైనట్టు గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. ఆయన నవ్వుతున్నాడు. పాతికేళ్లుగా వాడని నవ్వు కావడం వల్ల మొదట దగ్గులా ఉండి, తర్వాత తర్వాత దారిన పడింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు, ఆకుపచ్చ రంగు చెంపలకంతా అంటింది. ఫిలొమెనా తన ముక్కు తుడుచుకుని, ఇంతకీ తను చూసి దూకానన్న పుస్తకం లోపల ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడనివ్వమంది.

వెర్నా సంచిలోంచి మూడో సంచిక తీసింది. ఈసారి ఆయనే చెయ్యి చాపాడు. పేజీలు నెమ్మదిగా తిప్పుతూ, ఈ మేడలు తను గీసినవి కావన్నాడు. పక్క బల్ల మీద కూర్చునే ఓస్కార్ అనే కుర్రాడు గీశాడట, వాడికి కిటికీలంటే పిచ్చట. ఇక్కడ సిరా అయిపోతే టీ నీళ్లు కలిపామన్నాడు. తన మామయ్య బస్తాలు మోసుకుంటూ మేడ మెట్లు దిగుతూ, చివరి మెట్టు మీద కాలు పెట్టినప్పుడు మోకాళ్లు వంగేవనీ, రాగిడేగ దిగే తీరు ఆయనదేననీ అన్నాడు.

వెర్నా నోట్‌బుక్ తీసింది. అడగాలని నాలుగేళ్లుగా రాసిపెట్టుకున్న ప్రశ్నలు అందులో వరసగా ఉన్నాయి. ఆయన ఒక్కటీ అడగనివ్వలేదు. వేసవిలో చెమట బొట్లు పడి కాగితం పాడవకుండా మెడకి తువ్వాళ్లు కట్టుకుని గీసిన సంగతి, ఒకే రాత్రిలో పదమూడు పేజీలు గీసి అక్షరాలు రాసేవాడు బల్ల కిందే నిద్రపోయిన సంగతి, ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతుంటే ఆమె కొత్త పేజీ తిప్పి రాసుకుంటూ పోయింది. ఫిలొమెనా మధ్యమధ్యలో అడ్డం పడి, ఈ రాగిడేగ చొక్కా మీద చొక్కా ఎందుకు తొడుక్కున్నాడు, ఈ విలన్‌కి టోపీ ఇలా కుడితే గాలికి ఎగిరిపోదా అని అడుగుతోంది. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెబుతున్నాడు.

వంటింట్లో ఫ్రీదా సూప్ వేడిచేసింది. అది చల్లారింది. ఎవరూ లేవకపోతే మళ్లీ వేడిచేసి, గిన్నెలు నాలుగూ అక్కడికే పట్టుకొచ్చి, తడి బోర్డు పక్కకి జరిపి పెట్టింది.