రిబాలిన్ ఇంటి మామ

లుర్‌షాయ్ ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత పుట్టింటికి తిరిగొచ్చాడు.

ఆ ఖాసీ కొండల్లో మగవాడు పుట్టింటికి రావడం వింతేమీ కాదు. ఇల్లూ పొయ్యీ కడగొట్టు కూతురివి. మగవాడు పెళ్ళయ్యాక భార్య ఇంటికి పోతాడు. అక్కడ చెడితే చెల్లెలి గడప ఎక్కుతాడు. ఆమె పొమ్మనదు, అనకూడదు కూడా. వింతల్లా అతను తెచ్చుకున్న సామానే. వెదురు గంపలో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, ఆకు కోసే కత్తి. యాభై ఆరేళ్ళ మనిషి దగ్గర ఉన్నదంతా అదే.

చెల్లెలు రిబాలిన్ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. గంపనీ మనిషినీ చూసి చేట పక్కన పెట్టింది.

"లుర్ అన్నా, రా."

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచిందనుకుని. భార్య ఊరు నోంగ్‌శిర్‌లో అతన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. కూతురు పుట్టిన నాటినుంచీ అతను అందరికీ ఇబన్ నాన్న. భార్య థేలిన్ కూడా అలాగే పిలిచేది. అతనూ ఆమెను ఇబన్ అమ్మా అనేవాడు. అలా పిలుచుకుంటూ ఉండగానే సొంత పేర్లు రెండూ తుప్పుపట్టాయి.

చెడింది ఒక్క రోజులో కాదు. కానీ ఊరు చెప్పుకోవడానికి ఒక రోజంటూ ఉండాలి కదా. వానాకాలం నడిమిట్లో థేలిన్‌కి జ్వరం తగిలింది. లుర్‌షాయ్ కింద లోయలో, తోట గుడిసెలో ఉన్నాడు. తమలపాకు కోతకొచ్చింది. ముదిరితే వర్తకుడు ముట్టుకోడు. తోటకు పోయేవాళ్ళ చేత ఇబన్ కబురంపింది, అమ్మ నిన్ను అడుగుతోందని. వస్తున్నానని చెప్పమన్నాడు. నాలుగో రోజున వచ్చాడు, వీపు మీద ఆకు గంపతో. అప్పటికి జ్వరం దిగింది. థేలిన్ గోడకు ఆనుకుని గంజి తాగుతోంది. గంప వంక చూసి, అతని వంక చూసి, "ఆకు బాగా వచ్చిందే" అంది.

ఆ తోటలో సగం వక్కచెట్లు అతను నాటినవే. ప్రతి చెట్టుకూ తీగ పాకించింది అతనే. తోట థేలిన్‌దని, రేపు ఇబన్‌దని తెలిసే నాటాడు. భార్యకు చెప్పాల్సినవన్నీ ఆ పనిలోనే చెప్తున్నాననుకున్నాడు. చెట్లు కొండెక్కి ఇంటికొచ్చి చెప్పవు గదా.

కోతలయ్యాక థేలిన్ అన్న వచ్చి, మా చెల్లెలు తెగతెంపులు కోరుతోందన్నాడు. పట్టపగలు, ఇంటి ముందు బండ మీద ఇరువైపుల మేనమామలూ నిలబడ్డారు. థేలిన్ ఐదు గవ్వలు అతని చేతిలో పెట్టింది. అతను తన ఐదూ కలిపి ఆమె చేతికి తిరిగిచ్చాడు. ఇక ఆమె పదీ అతనికివ్వాలి, అతను నేలకు విసరాలి. విసిరితే తెగినట్టు. అలా తెగాక ఇద్దరూ ఎవరినైనా చేసుకోవచ్చు, ఒకరినొకరు మాత్రం ఈ జన్మలో చేసుకోకూడదు. అందుకే అక్కడ ఎవరూ తొందరపడరు. గవ్వలు జేబులో వేసుకుని, పద ఇంటికి పోదామన్న మొగుళ్ళున్నారు. ఊరు నవ్వుతుంది, మర్నాటికి మర్చిపోతుంది.

థేలిన్ పది గవ్వలూ పిడికిట్లో పెట్టుకుని నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"ఇబన్ నాన్నా, ఏమైనా అంటావా?"

"అనేదేముంది."

అతనికి కోపం. నలుగురిలో నిలబెట్టిందన్న కోపం. ఆమె చేయి చాపింది. అతను అందుకుని విసిరాడు. ఒక గవ్వ దొర్లి కోడిపెట్ట ముందు ఆగితే, అది గింజనుకుని పొడిచి చూసింది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. చాటింపు మనిషి ఊరంతా కేకేసుకుంటూ తిరిగాడు. ఆ కేక వింటున్నప్పుడే లుర్‌షాయ్‌కి తెలిసొచ్చింది, ఆమె అడిగింది గవ్వల గురించి కాదని.

చెల్లెలి ఇంట్లో తిండికి లోటు లేదు. పొద్దున్నే ఎర్ర టీ, మధ్యాహ్నం అన్నం, ఎండుచేప పచ్చడి. అతను ఊరికే కూర్చునే మనిషి కాదు. ఇంటి వెనక లోయ వాలులో రిబాలిన్ తోట చాలాకాలంగా అడవి పట్టి ఉంది. దాన్ని నరికి బాగుచేశాడు. వక్క మొక్కలు నాటాడు. ఒకరోజు చెల్లెలి మొగుడు కైన్‌బోర్ గట్టున కూర్చుని చూస్తూ, "కాపుకి ఎన్నేళ్ళు బావా?" అన్నాడు.

"ఎనిమిది."

"అయితే మొదటి వక్క కొరకడానికి నీకు పళ్ళుండవు. నేను దంచి పెడతాలే."

కైన్‌బోర్ నోరు ఊరుకోదు. "మన ఇద్దరికీ తేడా ఏంటో తెలుసా బావా? నేనీ ఇంట్లో ఎప్పుడైనా పొమ్మనదగ్గ మనిషిని. నిన్ను పొమ్మనడానికి లేదు. అయినా నువ్వే చుట్టంలా కూర్చుంటావు, నేను దొరలా కూర్చుంటాను."

అది ఎగతాళే గాని నిజం. ఇంటి నడుమ పొయ్యి. పొయ్యికి తలుపు వైపు అల్లుడు కూర్చుంటాడు. లోపలి వైపు పీట మేనమామది. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. లుర్‌షాయ్ రోజూ తెలీకుండానే పోయి తలుపు వైపు, కైన్‌బోర్ పక్కన చతికిలబడేవాడు. రిబాలిన్ చూసేది, ఏమీ అనేది కాదు. చివరికి ఆమె కూతురు డాఫి అంది.

"మామా, నువ్వు మా నాన్న పక్కన కూర్చుంటే మామ పీట మీద ఎవరు కూర్చోవాలి? పిల్లి కూర్చుంటోంది. రేపు నా పెళ్ళి మాట కూడా అదే మాట్లాడుతుందా?"

అందరూ నవ్వారు. లుర్‌షాయ్ కూడా నవ్వాడు. కానీ ఆ పూట అన్నం సహించలేదు.

డాఫికి సంబంధం కుదురుతోంది. పిల్లాడి పేరు బాన్, సోహ్రా సంతలో ఇనప సామాను దుకాణంలో పని. అబ్బాయి మేనమామ వచ్చి అడగాలి, అమ్మాయి మేనమామ బదులివ్వాలి. తల్లీ తండ్రీ పక్కన కూర్చుని వింటారంతే. మామ నోరు విప్పకపోతే ఆ ఇంటికి మామ లేనట్టే.

నాలుగిళ్ళ అవతల వాళ్ళ వంశంవాడే జ్రాప్‌సింగ్ అనే ముసలాయన ఉన్నాడు. రిబాలిన్‌ని పిలిచి ఖరాఖండిగా చెప్పాడు. "మీ అన్న మంచివాడే. కానీ మాటరాని మనిషి. పైగా గవ్వలు విసిరి ఏడాది తిరగలేదు. ఆ చేత్తో పెళ్ళి వక్క అందుకుంటే ఏం శుభం? నేనొచ్చి కూర్చుంటా."

రిబాలిన్ ఆ మాట దాచలేదు. మొక్కలకు పాదు చేస్తున్న అన్న దగ్గరికి వెళ్ళి చెప్పింది. "ఆయన కూర్చుంటే నాకు ఇబ్బంది లేదన్నా. కానీ ఆయన ఒకసారి కూర్చున్నాక ఆ పీట నీది కాదు. ఇంట్లో నీకు మంచముంటుంది, కంచముంటుంది. అంతవరకే. ఏమంటావు?"

అనేదేముంది అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. లుర్‌షాయ్ చేతి మట్టి దులుపుకున్నాడు.

"నేను కూర్చుంటా. ఏం మాట్లాడాలో తెలీదు. కూర్చుంటా మాత్రం."

"తెలిసి మాట్లాడేవాళ్ళెంతమందిలే" అని ఆమె వెళ్ళిపోయింది.

అబ్బాయి తరఫువాళ్ళు ఆదివారం పొద్దున వచ్చారు. బాన్ మేనమామ బొద్దుగా, గలగలలాడే మనిషి. వక్కాకు నములుతూ మేనల్లుడి గొప్పలు మొదలెట్టాడు. "మా వాడు తాగడు. విల్లు పందేల జోలికి పోడు. కోపమంటే ఎరగడు."

"మరి సాయంత్రాలు ఏం తోస్తుందయ్యా వాడికి?" అన్నాడు కైన్‌బోర్.

నవ్వులయ్యాయి. ఆ తర్వాత అందరూ పొయ్యి లోపలి వైపు చూశారు. పీట మీద లుర్‌షాయ్ నిటారుగా కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద రెండు చేతులూ, గోళ్ళలో తోట మట్టి. ఎంతకీ మాట్లాడడు. జ్రాప్‌సింగ్ దగ్గి ముందుకు జరగబోయాడు.

"అబ్బాయీ," అన్నాడు లుర్‌షాయ్. గొంతు గట్టిగా వచ్చి అతనే ఉలిక్కిపడ్డాడు. "నా సంగతి నీకు తెలిసే ఉంటుంది. తెలీకపోతే దారిలో ఎవరో చెప్పే ఉంటారు."

బాన్ తలొంచుకున్నాడు. చెప్పారన్నమాట.

"మా పిల్ల ఎప్పుడో ఒకరోజు నీకు కబురు పెడుతుంది, రమ్మని. ఆ రోజు నీకు పనుంటుంది. పని ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళు. ఆకు కోయకపోతే ముదిరిపోతుంది, అంతే. తీగ మళ్ళీ వేస్తుంది. మనిషి అలా కాదు." కాస్త ఆగాడు. "ఇంకోటి. ఏమైనా అంటావా అని అడిగితే, ఏదో ఒకటి అను. తిట్టయినా సరే. ఊరుకోకు. నేను ఊరుకున్నాను."

పొయ్యిలో పచ్చికట్టె చిటపటమంది. కైన్‌బోర్‌కి కూడా ఎగతాళి తోచలేదు. బొద్దు మామ నోట్లో వక్క నమలడం ఆపి, "మా వైపునుంచీ అదే మాట" అన్నాడు. వక్కాకు పళ్ళెం చాపాడు. జ్రాప్‌సింగ్ అటే చూస్తున్నాడు. లుర్‌షాయ్ కుడి చేత్తో, గవ్వలు విసిరిన చేత్తోనే, అందుకున్నాడు. ముసలాయన వెనక్కి జరిగి కూర్చున్నాడు.

పెళ్ళి పిలుపులకు మామే వక్క పట్టుకుని వెళ్ళాలి. రిబాలిన్ ఇళ్ళు లెక్కపెట్టింది. "ఎనిమిది. ఏడింటికి నువ్వు పో అన్నా. ఒకదానికి ఈయన పోతాడు."

"ఆ ఒకటీ ఎవరిది?"

"తెలీనట్టు అడుగుతావేం. డాఫికి ఇబన్ మేనమామ కూతురు కాదూ? పిలవకపోతే ఎలా?"

లుర్‌షాయ్ సంచిలో వక్కలు సర్దుకున్నాడు. "మామ పోకపోతే పిలిచినట్టు కాదు" అన్నాడు.

నోంగ్‌శిర్‌కి దిగే రాతిమెట్లు అతని పాదాలకు కంఠతా వచ్చు. ఇంటి ముందుకు రాగానే కాళ్ళు వాటంతటవే పెరట్లోకి, కాళ్ళు కడుక్కునే తొట్టి వైపు తిరిగాయి. నాలుగడుగులేశాక ఆగి, వెనక్కొచ్చి వీధి తలుపు తట్టాడు.

ఇబన్ తీసింది. "నాన్నా!" అని చేయి పట్టుకుంది. వెంటనే మొహం ముడుచుకుంది. "ఆరు నెలలు. దారి మర్చిపోయావనుకున్నా."

"మర్చిపోలేదమ్మా. రావడానికి వంక దొరకలేదు."

"కూతురింటికి వంకెందుకు?"

థేలిన్ లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మనిషి కాస్త చిక్కింది. కొత్త ముక్కాలిపీట ఒకటి తెచ్చి తలుపు దగ్గర వేసింది, వచ్చినవాళ్ళకు వేసినట్టే.

"రా లుర్ అన్నా. కూర్చో."

ఆ కొండల్లో పరాయి మగవాణ్ణి ఎవరినైనా అన్న అనే పిలుస్తారు. అందులో కోపమూ లేదు, ప్రేమా లేదు. అతను కూర్చున్నాడు. కూర్చోవడానికి కాళ్ళు వంగాయి గాని, లోపల ఏదో వంగలేదు.

ఆమె వక్క చీల్చింది. ఆకు తుడిచి అరచేతిలో పరిచింది. "సున్నం ఎంత రాయమంటావు?"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు. "గోరంత చాలు" అన్నాడు.

రాసిచ్చింది. అతను నోట్లో పెట్టుకుని, తన సంచిలోంచి వక్కలు తీసి ఆమె ముందు పెట్టాడు. "మావ్‌లిర్ ఊరినుంచి వచ్చాను. మా చెల్లెలు రిబాలిన్ ఇంటి మామని. మా డాఫి పెళ్ళి, వచ్చే పున్నమి దాటాక మూడో రోజు. మీ ఇంటిల్లిపాదీ రావాలి." దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలు. తడబడకుండా చెప్పాడు.

"వస్తాం" అంది థేలిన్. వక్కలు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "పెళ్ళికొడుక్కి ఏదో చెప్పావంట."

"చెప్పాను."

"సంతలో ముగ్గురు చెప్పారు నాకు. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. నీ మొగుడు అంత మంచి మాటకారి అని నాకు తెలీదే అంది."

ఇబన్ లేచి లోపలికి వెళ్ళింది, టీ పెడతానని.

"నీకు చెప్పాల్సిన మాట అది" అన్నాడు లుర్‌షాయ్.

"అవును. నాకు చెప్పాల్సిందే." ఆమె గొంతు హెచ్చలేదు. "ఆ రోజు గవ్వలు పట్టుకుంటే నా అరచెయ్యి చెమట పట్టింది. ఒక్క మాటంటే చాలనుకున్నా. ఏ మాటైనా సరే. ఇవాళ వానొచ్చేట్టుందన్నా సరే, గవ్వలు కొంగున కట్టుకుని లోపలికి వెళ్ళిపోదును."

అతను తలెత్తలేదు. ఇప్పుడు మాటలున్నాయి, ఎన్నో ఉన్నాయి. ఏ ఒక్కటీ ఇక ఈ ఇంట్లో చెల్లదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఆమె ఒళ్ళోని వక్కల్ని ఒకసారి అటూ ఇటూ సర్దింది.

ఇబన్ టీ తెచ్చింది. ముగ్గురూ తాగారు. తోటలో ఆకు ఎలా ఉందని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. కప్పు కింద పెట్టి లేచేసరికి చినుకులు మొదలయ్యాయి, ఆ ఏటి తొలి వాన. థేలిన్ చూరు కిందనుంచి వీపంతా కప్పే వెదురు గిడుగు ఒకటి తీసి అందించింది.

"తిరిగి పంపుతాలే" అన్నాడు.

"వద్దు. పెళ్ళికొచ్చినప్పుడు నేనే తీసుకుంటా."

అతను గిడుగు నెత్తికెత్తుకుని మెట్లెక్కాడు. మలుపు దగ్గర ఆగితే కింద తోటంతా కనబడుతుంది. ఆగలేదు. వాన పెరుగుతోంది, వక్క పట్టుకెళ్ళాల్సిన ఇళ్ళు ఇంకా మూడున్నాయి.