ఆరో పన్ను

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పళ్ళ మేస్త్రి అంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పళ్ళు పోయినవాళ్ళకి పళ్ళు కట్టడం అతని వృత్తి. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపిస్తే, ఇతను ప్లాస్టర్ అచ్చు పోసి, మైనం మీద ఒక్కో పన్నూ నిలబెట్టి, గులాబీరంగు చిగుళ్ళు చేర్చి సెట్టు తయారుచేస్తాడు. ముందుగదిలో అలమరల నిండా వరసగా బోసినోళ్ళ అచ్చులే. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి జడుసుకుంటారు గానీ, ఇరవై రెండేళ్ళుగా వాటి మధ్యే బతుకుతున్న మేస్త్రికి అవి చుట్టాలతో సమానం.

అతని పనికి వంక పెట్టలేం. వంకంతా మాట దగ్గరే. పళ్ళ గురించి ఇంకొకరు నోరెత్తితే చాలు, ఒప్పుకోడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అలాంటి మనిషికి రెండో తరగతి చదివే ఒక్కగానొక్క కూతురు ఉంది. ఆ పిల్ల చేసే అల్లరికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు పిడుగు.

ఒకరోజు పొద్దున్న పిడుగు బ్రెడ్డుని ఒక పక్కనే పెట్టుకుని నమలడం తల్లి కంటపడింది. ఆవిడ సిటీబస్సులో కండక్టరు. ఎవరు టికెట్టు తీసుకోలేదో మొహం చూసి పట్టేసే మనిషికి కూతురి సంగతి ఓ లెక్కా?

"ఏవయ్యా, దీనికి పన్ను నొప్పిగా ఉన్నట్టుంది. ఓసారి డాక్టరమ్మకి చూపిద్దాం" అంది.

మేస్త్రి పిల్ల గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. కింది వరసలో, కుడిపక్క, చిట్టచివరి పన్ను మీద నల్లటి మచ్చ ఉంది.

"పాలపన్నే. ఎలాగూ ఊడిపోయేదానికి డాక్టరెందుకు?"

"పెద్దవాళ్ళ పళ్ళంటే నీకు తెలుసు. పిల్లల పళ్ళు నీకేం తెలుసు?"

"పళ్ళ మేస్త్రికే పళ్ళ పాఠాలా?"

"నీతో వాదించి నేను బస్సు మిస్సవలేను" అని ఆవిడ టికెట్ల మిషన్ భుజాన తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

మేస్త్రి లవంగనూనెలో ముంచిన దూది పన్ను మీద పెట్టాడు. సాయంత్రం అడిగితే నొప్పి తగ్గిందని చెప్పింది పిల్ల. మర్నాడూ తగ్గిందనే చెప్పింది. తల్లి అడిగినా అదే మాట. నెల తిరిగినా అదే మాట. చూశావా అన్నట్టు పెళ్ళాం ముందు మీసం దువ్వుకున్నాడు మేస్త్రి. నిజానికి పిడుగు పంటి బిగువున ఓర్చుకుంటోంది, కాకపోతే రెండో పక్క పంటితో.

అలా రెండు నెలలు గడిచాయి. ఓ సెలవు రోజున తండ్రి పని చేసుకుంటుంటే పిడుగు బల్ల పక్కన చేరింది.

"నాన్నా, ఇక్కడ అందరి నోళ్ళూ ఉన్నాయి. నాదేదీ?"

ఆ మాటకి మేస్త్రి ఉప్పొంగిపోయాడు. నోటి కొలత తీసే పళ్ళేల్లో వెతికి వెతికి అన్నిటికన్నా చిన్నది తీశాడు. అందులో మెత్తటి ముద్ద నింపి పిల్ల కింది పళ్ళకి అదిమిపెట్టాడు. "ముక్కుతో గాలి పీల్చు, కదలకు, నోట్లో ఉన్నది మింగేవు సుమా" అంటూ రెండు నిమిషాలు కబుర్లు చెప్పాడు. తర్వాత ప్లాస్టర్ పోసి, ఆరాక, ముద్ద ఒలిచేసి అచ్చుని చేతిలోకి తీసుకున్నాడు.

అలవాటుగా బొటనవేలు పళ్ళ మీదుగా నడిపించాడు. మధ్య నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. వేలు ఆగలేదు. ఆరు.

పిల్లలకి పాలపళ్ళు ఓ పక్కకి అయిదే. మరి ఈ ఆరోది ఏమిటి? అచ్చుని దీపం కిందకి తెచ్చాడు. వెడల్పాటి తల, దాని మీద అయిదు గుబ్బలు. కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టగలడు. రోజూ మైనంలో నిలబెట్టేది ఆ పన్నునే. ఏ పన్నూ ఊడకుండా, చడీచప్పుడు లేకుండా, పాలపళ్ళ వెనకాల ఆరో ఏట మొలిచే అసలు పన్ను అది. అది పోతే మళ్ళీ రాదు. దాని నడినెత్తిన మిరియపుగింజ పట్టేంత గుంట ఉంది.

ప్రపంచంలో అందరి నోళ్ళూ తడిమినవాడు సొంత బిడ్డ నోట్లో మొలిచింది ఏ పన్నో చూసుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సిగ్గు కన్నా భయం ఎక్కువైంది.

"పిడుగూ, నిజం చెప్పు. ఇంకా నొప్పిగా ఉందా?"

పిల్ల అలమరల వైపు చూసింది. "డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళనంటే చెప్తా."

"ఏం? ఎందుకని?"

"అక్కడికెళ్ళినవాళ్ళందరి బోసినోళ్ళే మనింటికొస్తాయిగా. నావి కూడా అన్నీ పీకేస్తారు. నువ్వు సెట్టు కడతావు." గొంతు తగ్గించి, "నీ దగ్గర చిన్న సైజువి లేవు కూడా" అంది.

మేస్త్రికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. తన పని గురించి అంతవరకూ ఎవరితోనూ అనని మాట అన్నాడు. "వాళ్ళు అన్నీ పాడయ్యాక వెళ్ళారు తల్లీ, అందుకే పీకారు. నేను కట్టేవి చేతికర్రల్లాంటివి. కాళ్ళు పోయినవాళ్ళకి కర్ర కావాలి గానీ, నీకెందుకే? నీ కాళ్ళు నిలబెట్టడానికే డాక్టరమ్మ."

సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన భార్య చేతిలో అచ్చు పెట్టి, "నువ్వన్నదే నిజం" అన్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఎత్తిపొడవడానికి ఆవిడ దగ్గర బోలెడు మాటలున్నాయి. కానీ అతని మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. "రేపు సెలవు పెడతాను, ముగ్గురం వెళ్దాం" అంది.

డాక్టరమ్మ పన్నుని చాలాసేపు చూసింది. పుచ్చు చాలావరకు తీసి, లోపల మందు పెట్టి, పైన మూసింది. మిగతా మూడు మూలల్లో ఉన్న ఆరో పళ్ళు బాగానే ఉన్నాయని చెప్పి, వాటికి పుచ్చు పట్టకుండా పూత వేసింది. పిడుగు కుర్చీ దిగగానే నాలుకతో తడుముకుని, పళ్ళన్నీ ఉన్నాయని అమ్మకి రిపోర్టిచ్చింది.

"నరం దగ్గరిదాకా వెళ్ళింది మేస్త్రిగారూ" అంది డాక్టరమ్మ. "నరం కోలుకుంటే పన్ను నిలుస్తుంది. చచ్చిపోతే, వేరు ఇంకా పూర్తిగా ఎదగలేదు కాబట్టి నిలబెట్టడం చాలా కష్టం, పీకాల్సి రావచ్చు. రెండు నెలలు చూద్దాం. మచ్చ కనపడ్డ రోజే తెచ్చుంటే పావుగంట పని."

ఆవిడ మెల్లగా చెప్పింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు మేస్త్రి.

ఆ రెండు నెలలూ ఇంట్లో పళ్ళు తోమించే పని అతనే చూశాడు. పొద్దున్నొకసారి, పడుకునే ముందొకసారి. చక్కెర పాలు తాగాక తోమాల్సిందే, తోమాక ఇక మంచినీళ్ళే. "నేను ప్లాస్టర్ బొమ్మని కాదు నాన్నా, మెల్లగా!" అని పిడుగు గోల పెట్టేది. పిల్ల చల్లటి నీళ్ళు తాగినప్పుడల్లా మొహంలోకి చూసేవాడు. అడగాలంటే భయం. ఆ పిల్ల నొప్పి దాచడంలో ఎంత ఘటికురాలో తెలిసొచ్చింది కదా!

చెప్పిన రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ చిన్న దూదిని మంచులా చల్లబరిచి, "నరం బతికుంటే చలి తెలుస్తుంది. చల్లగా అనిపించగానే చెయ్యెత్తు. దాచకూడదు" అంది. ముందు ఎడమపక్క మంచి పన్ను మీద పెట్టింది. పిడుగు వెంటనే చెయ్యెత్తింది. తర్వాత కుడిపక్క, ఆరో పన్ను మీద పెట్టింది.

చెయ్యి లేవలేదు. మేస్త్రి తన భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒకసారి కదిలింది, రెండోసారి కదిలింది. ఇంతలో పిడుగు రెండు చేతులూ ఎత్తేసి కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"అబ్బా! చల్లగా ఉంది! తీసెయ్యండి!"

"బతికే ఉంది" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

ఇరవై రెండేళ్ళలో మేస్త్రి నిలబెట్టిన వేలాది పళ్ళలో ఒక్కటీ ఇంతవరకు చలి ఎరగదు. కళ్ళు తుడుచుకున్నాడు. "డాక్టరమ్మా, ఇంకొక్కసారి పెట్టండి" అన్నాడు.

"నాన్నా!" అని అరిచింది పిడుగు.

"చాల్లే ఊరుకో" అని భార్య అతని మోచెయ్యి గిల్లింది.

డాక్టరమ్మ దూది పారేసి, కార్డు మీద తేదీ రాసి అతని చేతికిచ్చింది. "ఆర్నెల్లకి నొప్పున్నా లేకపోయినా తీసుకురండి. అప్పుడు పెడతాను."