కుర్చీ మేడం మీద చెప్పిన చాడీ

...అది కాదే అమ్మడూ, ఆ ఫోను సంగతి తర్వాత. ముందు కుర్చీ సంగతి రాయి. కుర్చీ లేకపోతే ఈ కథే లేదు. ఈ తాత నిదానంగా చెబుతాడు, నువ్వూ నిదానంగా రాసుకో. మధ్యలో ఆవలించావంటే మళ్ళీ మొదటికొస్తాను.

మీ అత్తలిద్దరూ, అదే నా కోడళ్ళిద్దరూ, ఒకే ఆసుపత్రిలో మేనేజర్లు కదా. పెద్దకోడలు నర్సుగా చేరి, మెట్టు మెట్టూ ఎక్కి వార్డులన్నిటికీ మేనేజరు అయింది. చిన్నకోడలు ఆసుపత్రులు నడిపే చదువేదో చదువుకుని వచ్చి, మొదట పెద్దకోడలి కిందే అసిస్టెంటు మేనేజరుగా పని చేసింది. తర్వాత బయటి రోగులు వచ్చే విభాగానికి మేనేజరుగా వెళ్ళింది.

పెద్దకోడలిని ఆసుపత్రిలో అందరూ సుడిగాలమ్మ అంటారు. పక్క మీద దుప్పటి నలిగి ఉంటే ఆయాని పిలవదు, తనే మారుస్తుంది. స్ట్రెచర్ తోసేవాడు టీకి వెళ్తే తనే తోస్తుంది. ఆక్సిజన్ సిలిండర్‌ని బండి మీదకి ఎత్తుతూ ఒకసారి వేలు కూడా నలగ్గొట్టుకుంది. సెలవు పెట్టిన రోజున ఇంట్లో ఆవిడ ఫోను మోగుతూనే ఉండేది. "సిస్టర్ కనబడట్లేదు మేడం", "తాళాలు ఎక్కడ మేడం", "లిఫ్టు ఆగిపోయింది మేడం". ఆ ఫోన్లు ఎత్తుతూ ఆవిడ విసుక్కునేది కానీ, మొహంలో ఒక వెలుగు ఉండేది. నేను లేకపోతే అక్కడ ఆకు కూడా కదలదు అని నాతో ఎన్నిసార్లు అందో!

చిన్నకోడలిని కుర్చీ మేడం అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరో తెలుసా? పెద్దకోడలే. "పొద్దున్న వచ్చి కూర్చుందంటే సాయంత్రం లేవడమే! చేతికి మట్టి అంటదు, చీర మడత నలగదు" అని వార్డులో అంది. ఆ మాట ఆసుపత్రంతా పాకింది.

ఇద్దరూ బయటి దేశంలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నారు. ఆ దేశం వాళ్ళు ఊరికే రానివ్వరు. మేనేజరునని నువ్వు చెప్పుకుంటే చాలదట, నువ్వు చేసేది నిజంగా మేనేజరు పనేనా కాదా అని వాళ్ళ ఆఫీసొకటి పరీక్షిస్తుంది. స్కిల్స్ అసెస్‌మెంటు అంటారు. నీ కింద ఎవరెవరున్నారు, నువ్వు ఏం నిర్ణయిస్తావు, నీ పైవాళ్ళు నీ గురించి ఏమంటారు, అన్నీ అడుగుతారు.

పెద్దకోడలు తన అర్జీలో మనసంతా కుమ్మరించింది. రోగిని నేనే కడుగుతాను, మందులు నేనే సరిచూస్తాను, రాత్రి పిలిచినా నేనే వెళ్తాను అని. ఆసుపత్రి పెద్ద డాక్టరు కూడా "ఈవిడ పది మంది పని ఒక్కతే చేస్తుంది" అని మెచ్చుకుంటూ రాసిచ్చాడు.

వాళ్ళు కాదన్నారు. మీరు మంచి నర్సు, మేనేజరు కారు అన్నారు.

ఆ రోజు ఆవిడ అన్నం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. మీ పెద్ద మామయ్య నవ్వించబోయి, "పోనీలే, నువ్వు వెళ్ళిపోతే మా ఇల్లు ఎవరు ఊడుస్తారు?" అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి వాడు కంచం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

చిన్నకోడలి ఫలితం ఇంకా రాలేదు. పెద్దకోడలికి అసలు మంట అదీ. తనని కాదన్నందుకు ఏడ్చింది తక్కువ, ఆ పిల్లని అవునంటారేమోనని కుమిలింది ఎక్కువ. చిన్నకోడలు కొత్త సూట్‌కేసు కొనుక్కుని హాల్లో పెడితే, ఈవిడ దాన్ని దాటి వెళ్ళేటప్పుడల్లా కాలు తగిలించేది. పొరపాటున అన్నట్టే.

"అక్కా, బరువుగా ఉందా? పక్కకి జరపనా?" అనేది చిన్నకోడలు.

"ఎందుకులే, కూర్చున్నదానివి కూర్చో. జరపడానికి మేం లేమూ?" అనేది ఈవిడ. తనే జరిపేది.

తన చేతులు చూసుకునేది. రోజంతా మందు నీళ్ళతో కడిగి కడిగి వేళ్ళ సందులు పగిలిపోయాయి. చిన్నకోడలి చేతులు చూసేది. అవి దూదిపింజల్లా ఉండేవి. ఇంత చేసిన చేతుల్ని కాదని ఆ చేతుల్ని ఎలా అవునంటారు, అని లోపల్లోపల ఉడికిపోయేది.

ఇంతలో ఒక మధ్యాహ్నం చిన్నకోడలు నసుగుతూ వచ్చి, "అక్కా, నేను వార్డుల్లో చేసినప్పుడు నా పైఅధికారివి నువ్వే కదా. వాళ్ళు నీతో మాట్లాడతారట. వీడియోలో. నువ్వు ఒప్పుకుంటే..." అని ఆగింది.

"ఒప్పుకోక? ఉన్నదున్నట్టు చెబుతాను. ఒక్క అబద్ధం ఆడితే ఒట్టు" అంది పెద్దకోడలు.

ఆ మాట విని చిన్నకోడలి మొహం పాలిపోయింది. పెద్దకోడలు అది చూసింది. చూసి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఇంకొంచెం గట్టిగా తోమింది.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దకోడలు నీళ్ళ సీసాకి ఫోను ఆనించి, తలుపు వేసుకుని కూర్చుంది. అవతల కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ. మాటలు ఇంగ్లీషులో జరిగాయి. పెద్దకోడలు నాకు తర్వాత చెప్పినట్టే నీకు చెబుతున్నాను.

"రోజూ ఆమె తన చేతులతో ఏ పనులు చేసేది?" అని అడిగింది కళ్ళజోడావిడ.

"ఏమీ చేసేది కాదండీ. కూర్చునేది" అంది పెద్దకోడలు. అనగానే గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

"మరి పనులు ఎవరు చేసేవారు?"

"అందరూ చేసేవాళ్ళు. పొద్దున్నే అందర్నీ పిలిచి ఎవరికేది చెప్పాలో చెప్పేసేది. ఇక అంతే, తను కదలదు."

"ఒక ఉదాహరణ చెప్పగలరా?"

"చెప్పకేం! ఒకసారి నడవలేని ముసలాయన చక్రాల కుర్చీ కోసం గేటు దగ్గర నిలబడిపోయాడు. నేనైతే పరిగెత్తుకెళ్ళి ఎక్కడో ఒక కుర్చీ పట్టుకొచ్చి తోసేసేదాన్ని. ఈవిడ లేవలేదండీ! వార్డు బాయ్‌ని పంపించి, తను మాత్రం కుర్చీలు గేటు దగ్గర ఎందుకుండట్లేదని ఆరా తీయడం మొదలెట్టింది. తోసినవాళ్ళు పై అంతస్తులోనే వదిలేస్తున్నారని తేల్చింది. రోగిని దింపాక కుర్చీ గేటుకి తెచ్చి అప్పగిస్తే తప్ప డ్యూటీ దిగకూడదని రూలు పెట్టింది. వార్డు బాయ్‌లు ఎంత తిట్టుకున్నారో!"

"తర్వాత?"

"తర్వాత ఏముంది, ఇక కుర్చీ కోసం ఎవరూ నిలబడలేదు. తోయడానికి ఆవిడకి అవసరమే రాలేదు. అదీ ఆవిడ తెలివి!"

కళ్ళజోడావిడ రాసుకుంటోంది. పెద్దకోడలికి హుషారొచ్చింది. గిన్నెలో అడుగంటిన దాన్ని కూడా గీకి పెట్టినట్టు, చివరి మాట కూడా తీసింది.

"ఇంకోటి చెబుతాను వినండి. ఆవిడ సెలవు పెడితే వార్డులో ఎవరికీ తెలిసేదే కాదు. అడిగిన వాడు లేడు, ఫోను చేసిన వాడు లేడు. ఆవిడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే!"

అవతలావిడ నవ్వి, "ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు, చాలా సంతోషం" అని పెట్టేసింది.

తలుపు తీసుకుని బయటికి వచ్చిన పెద్దకోడలు నాకు టీ పెట్టిచ్చింది. అడక్కుండానే. రెండు చెంచాల చక్కెర ఎక్కువే వేసింది. ఏమైందమ్మా అంటే, "ఏం లేదు మామయ్యా, నిజం చెప్పొచ్చాను" అంది. మొహం కళకళలాడిపోతోంది.

ఆ కళ కొన్నాళ్ళే. చిన్నకోడలికి ఫలితం వచ్చింది. అవును, మేనేజరే అన్నారు.

ఆ పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తి పెద్దకోడల్ని వెనక నుంచి వాటేసుకుంది. "అక్కా! ఏం చెప్పావక్కా వాళ్ళకి! పనుల్ని పంచే తీరు, మళ్ళీ ఆ చిక్కు రాకుండా పద్ధతి పెట్టడం, తాను లేకపోయినా పని ఆగకుండా చూడటం, ఇవన్నీ నీ మాటల వల్లే తేలాయట! మాజీ పైఅధికారి చెప్పినదాన్ని బట్టే అని రాశారు!"

పెద్దకోడలి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"నిజం చెప్పనా అక్కా" అని ఆ పిల్ల ఏడుపూ నవ్వూ కలిపి అంది, "నువ్వు నా మీద చెడ్డగా చెబుతావేమోనని భయపడ్డాను. ఎంత పాపిష్టిదాన్నో చూడు. నీ అర్జీ మళ్ళీ పెడదాం. ఈసారి నేను పక్కన కూర్చుని రాయిస్తాను. నువ్వు ఎంత మందికి పని నేర్పావో నాకు తెలీదా? నాకు నేర్పలేదూ?"

ఇది విన్నాక పెద్దకోడలికి ఆ అర్జీ కాదన్ననాటి కంటే ఎక్కువ నొప్పి పుట్టింది. ఇన్నాళ్ళూ మండింది ఒక ఎత్తు, ఈ వాటేసుకోవడం ఒక ఎత్తు. "సరే చూద్దాంలే" అని పక్కకి తిరిగింది. ఆ రోజు నుంచీ చిన్నకోడలు కాగితాలు పట్టుకుని వస్తే చాలు, ఈవిడకి బట్టలు ఆరెయ్యడం గుర్తొస్తుంది. ఆ పిల్ల పుట్టింటికి వెళ్తూ కూడా, "వచ్చాక కూర్చుందాం అక్కా" అని చెప్పి వెళ్ళింది.

నిన్న పెద్దకోడలు నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఆవిడకి రాదు కదా, నా దుప్పటి మడతపెడుతూ మొత్తం చెప్పింది.

"దాని మీద చాడీ చెప్పాను మామయ్యా. అది మెప్పు అయి కూర్చుంది. ఇప్పుడది నాకు దండాలు పెడుతుంటే ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంది. ఈ మాట చెప్పకుండా దాని పక్కన కూర్చుని అర్జీ రాయలేను."

"అయితే చెప్పేయ్."

"నా నోట రాదు. మీరు చెప్పండి."

"అదేంటమ్మా! జన్మలో నీ పని ఒకరికి అప్పజెప్పావా?"

ఆవిడ మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఈ ఒక్కటీ అప్పజెబుతున్నాను. మీరెలా చేస్తారో మీ ఇష్టం, నేను మధ్యలో రాను" అంది.

రాశావా? సరే. సాయంత్రం మీ చిన్నత్తకి ఫోను చేసి ఇదంతా చదివి వినిపించు. చాడీ చెప్పిన చోట తొందరపడకు, ఒక్కో మాటా వినబడాలి. నవ్విందో, తిట్టిందో వచ్చి నాకు చెప్పు. అదిగో, మీ పెద్దత్త అక్కడ కప్పులు కడుగుతున్నట్టు నిలబడింది చూడు, కుళాయి కూడా తిప్పలేదు. ఆవిడకీ వినబడేలా గట్టిగా చదువు.