పోత ఇనుప దీపాల వీధి

బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన ఆవిడను వీధిలో అందరూ దీపాల టీచరమ్మ అనేవారు. గ్యాసు కాలంనాటి పోత ఇనుప దీపస్తంభాలంటే ఆవిడకు ప్రాణం. మున్సిపాలిటీ వాటిని పీకి తుక్కు కింద అమ్మబోతే, కాళ్ళరిగేలా తిరిగి, వారసత్వ సంపదగా ప్రకటింపజేసింది. ఇక అనుమతి లేకుండా వాటిమీద ఎవరూ చెయ్యి వేయడానికి లేదు.

ఆవిడ తమ్ముడిది అదే వీధిలో టైలరు దుకాణం. దాని ముందున్న స్తంభానికి అడుగున, నేల దగ్గర పగులు వచ్చింది. ఒక సాయంత్రం బొత్తాలు కుడుతూ, తలెత్తకుండానే చెప్పాడు.

"అక్కా, గాలి వేస్తే ఊగుతోంది. ఎవరికైనా చెప్పి తీయించు."

ఆవిడ కంగారుపడింది, పగులుకు కాదు, తీయించమన్నందుకు. ఒక్కదాన్ని కదిపితే అదే సాకుగా అన్నింటినీ పట్టుకుపోతారని భయం. అతికే పనివాళ్ళు దొరికేదాకా ఓపిక పట్టమంది, సంగతి బయట పొక్కనీయొద్దని బతిమాలింది. అక్క మాట ఎన్నడూ తీసేయని మనిషి, సరేనన్నాడు. ఆవిడ వెతకకపోలేదు. ఎవరినడిగినా, ఆ పాత ఇనుము అతుక్కోదమ్మా అని పెదవి విరిచారు.

ఈదురుగాలి పట్టపగలే వచ్చింది. బయట వేలాడదీసిన బట్టలు తెద్దామని తమ్ముడు గుమ్మం దిగాడు. స్తంభం విరిగి మీద పడింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి నుజ్జయిపోయింది.

ఆసుపత్రిలో అతను అక్కను పల్లెత్తు మాట అనలేదు. విచారణకు వచ్చినవాళ్ళతో, పగులు తాను చూడనేలేదన్నాడు. ఆ అబద్ధం తనకోసమేనని తెలిసి ఆవిడకు ముద్ద దిగలేదు. చివరికి తానే విచారణవాళ్ళ దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మర్నాడే క్రేను వచ్చింది. స్తంభాలన్నీ ప్రమాదకరమని అనుమతి తెచ్చుకుని పెళ్ళగించి పట్టుకుపోయారు. పగులు సంగతి తెలిసీ అక్క మాట విని దాచాడని, తమ పిల్లలు రోజూ ఆ స్తంభం కిందే ఆడుకున్నారని, వీధి వీధంతా టైలరును ఆడిపోసుకుంది.

ఆవిడ తమ్ముడింటికి వెళ్తే మరదలు తలుపు దగ్గరే నిలబడింది. "ఆయన చెయ్యి పోయింది. మాటకు విలువైనా మిగిలిందనుకున్నాం. అదీ పోగొట్టారు వదినా."

లోపల తమ్ముడు మోకాళ్ళ మధ్య ఇరికించిన సూదిలోకి ఎడమచేత్తో దారం ఎక్కించాలని తంటాలు పడుతున్నాడు. దారం కొస మళ్ళీ మళ్ళీ పక్కకు పోతోంది. ఆవిడ మరదలిని దాటుకుని లోపలికి వెళ్ళి, పక్కన కూర్చుని, సూది కోసం చెయ్యి చాపింది. అతను సూదిని వెనక్కి లాక్కున్నాడు.

"ఇంటికి వెళ్ళక్కా," అన్నాడు, కోపం లేకుండా.

ఆవిడ లేచి వచ్చేసింది.