బొమ్మలు తగ్గుతూ వచ్చిన పుస్తకం

ఈస్టర్ వెళ్ళిన వారానికి మా ఆయన సకెల్లారిస్ సంచి సర్దుతున్నాను. ఉన్ని బనియన్లు, అత్తయ్య అల్లిన మేజోళ్ళు, ఎండు రొట్టెల మూట. పెట్టినవి తీస్తున్నాను, తీసినవి మళ్ళీ పెడుతున్నాను. మా గ్రీకు ద్వీపం కాలిమ్నోస్ మగవాళ్ళు సముద్రం అడుగున స్పాంజీలు కోయడానికి ఆఫ్రికా తీరానికి వెళితే మళ్ళీ అక్టోబరులోనే రావడం.

"ఒసే థెమెలీనా, సంచి చిరుగుద్ది, వదిలెయ్."

"నువ్వు ఉత్తరం రాస్తే మళ్ళీ మికేస్ బాబాయ్ కొట్టుకే పోవాలిగా. నువ్వు నాకు రాసింది ఊరంతా వింటది!"

చదువురాని ఆడవాళ్ళ ఉత్తరాలు ఆ పచారీ కొట్టాయనే పెద్ద గొంతుతో చదివేవాడు. సరుకులకు వచ్చినవాళ్ళు ఆగి మరీ వినేవారు.

"అందుకే ఇది," అంటూ ఒక నోటుపుస్తకం నా ఒళ్ళో పడేశాడు. చలికాలమంతా గ్రీకు అక్షరాలు ఇరవై నాలుగూ నేర్పాడు గానీ, వాటిని కలపడం నాకు రాలేదు. ఇప్పుడు వారానికో పేజీ, రోజుకో పని రాసి, పక్కన బొమ్మ వేశాడు. మొదటి పేజీలో ఒక్క వాక్యమే ఉంది.

"ఇదేంటి?"

"'అక్టోబరులోగా నా ఉత్తరం నేనే చదువుకుంటాను.' నీ తరఫున నేను రాశాలే."

ఆయన వెళ్ళాక రెండో వారం పేజీలో ఒక బొమ్మ వచ్చింది. గుండ్రటి తల, చుట్టూ కాళ్ళు. రేవుకి పోయి ఆక్టోపస్ కొని, బండకేసి బాది, పెరట్లో తాడు మీద ఆరేశాను.

"ఉన్నది ఇద్దరం. ఎవరొస్తున్నారనే ఇది?" అంది అత్తయ్య.

"మీ అబ్బాయే వెయ్యమన్నాడు."

"వాడి బొమ్మలు నమ్మావూ! చిన్నప్పుడు గాడిదని గీస్తే పిల్లి అనుకున్నాం."

అప్పుడు వేలుపెట్టి అక్షరాలు కూడబలుక్కున్నాను. 'పరుపులు ఎండలో వెయ్యి.' అది సూర్యుడు! అత్తయ్య నవ్వలేక కూలబడింది. "పోన్లేవే, పరుపులకన్నా ఇదే రుచి."

ఆ రోజు నుంచి బొమ్మని అరచేత్తో మూసి, ముందు అక్షరాలు చదివేదాన్ని. జూన్‌లో బొమ్మలు చిన్నవయ్యాయి. జులైలో పేజీకి ఒకటే. ఆగస్టు అంతా ఉత్త అక్షరాలు. ఎంత ఆలోచించి రాశాడో అప్పుడు తెలిసింది.

ఆగస్టు చివర్లో కొట్టుకి నా పేరిట ఉత్తరం వచ్చింది. కవరు మీద రాత ఆయనది కాదు. మికేస్ బాబాయ్ చెయ్యి చాపాడు. "ఇటియ్యమ్మా, చదివి పెడతా."

"వద్దు బాబాయ్. నేనే చదువుకుంటా."

"ఎప్పట్నుంచే తల్లీ, పంతులమ్మా?" అని వెనక ఎవరో నవ్వారు.

ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. పడవ కెప్టెన్ రాసింది నాలుగు వరుసలే, చాలాసేపు పట్టింది. నీళ్ళలోకి దిగిన మా మనిషి ప్రాణంతో పైకి రాలేదట, అక్కడే తీరాన పూడ్చారట. అత్తయ్య చెయ్యి పట్టుకుని నా నోటితోనే చెప్పాను. ఊరికి మర్నాడు తెలిసింది. ఆ ఒక్క సాయంత్రం మా ఇద్దరికే మిగిలింది. లేకపోతే కొట్టులో పదిమంది మధ్య వినాల్సినదాన్ని.

ఇప్పుడు నాకు ఎనభై ఆరు. పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఆ రోజు పనులు రాసుకుంటాను. దొరికిన పుస్తకమల్లా చదివాను. ఎవరు గడప దాటినా ఇప్పటికీ వెనక్కి పిలుస్తాను, తిరిగి రారేమోనన్న భయం పోలేదు. అయినా అక్షరమిచ్చిన ఆ చేతికి రోజూ దండం పెట్టుకుంటాను.

సకెల్లారిస్ తిరిగి రాలేదు. ఆయన నీళ్ళలోకి దిగిన రోజు 1957, ఆగస్టు ఆరు, మంగళవారం.