గడియ కుడుకను తేల్చిన చోటు

నేను ఒక గడియ కుడుకను. అరచేతిలో ఇమిడే రాగి గిన్నెను. నా అడుగున వెంట్రుక దూరేటంత బెజ్జం ఉంది. గంగాళం నిండా నీళ్లు పోసి నన్ను తేలిస్తే, ఆ బెజ్జం గుండా నీరు లోపలికి ఊరి, సరిగ్గా ఒక గడియకు, అంటే ఇరవైనాలుగు నిమిషాలకు, మునుగుతాను. పల్లెలకు గోడ గడియారాలు రాని కాలంలో మీ పెద్దలు నాతోనే కాలాన్ని కొలిచారు. ఇప్పుడు జిల్లా కేంద్రంలోని ఒక వస్తుప్రదర్శనశాలలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. నా పక్కన ఒక పలక నిలబెట్టారు: ‘నాటి పల్లెల నీటి పంపకంలో వెలసిన సమానత్వానికి ప్రతీక.’ చదివినవారు తృప్తిగా తల ఊపి ముందుకు సాగుతారు. ఆ తలలను చూసినప్పుడల్లా నా ఒళ్లు మండుతుంది. మనుషుల మీద నాకు ప్రేమ లేదు. ఉన్నట్టు కనిపిస్తే అది నాకు పెట్టిన మెరుగు చేసే మోసం.

నన్ను చేసిన కంచరి మాత్రం నిజాయతీపరుడు. మొదట బెజ్జం కాస్త పెద్దదిగా పడింది. పొద్దు నీడతో సరిచూసి, నేను తొందరగా మునుగుతున్నానని గ్రహించి, బెజ్జం అంచుకు తగరపు బొట్టు కరిగించి అంటించి, దానిలో మళ్లీ సన్నని తూటు పొడిచాడు. చేసిన తప్పును ఎవరూ అడగకముందే దిద్దుకొన్న మనిషిని నేను అతని తర్వాత చూడలేదు.

మొదట నేను వేణుగోపాలస్వామి గుడిలో పెళ్లి ముహూర్తాలు, బిడ్డలు పుట్టిన వేళలు చెప్పేదాన్ని. నేను ఒక్కసారి మునిగే లోపల పుట్టిన ఇద్దరు శిశువులలో ఒకడు పెరిగి పల్లకీ ఎక్కాడు, రెండవవాడు ఆ పల్లకీ మోశాడు. తేడా గడియలో ఉందన్నారు. ఉన్నది ఒక్కటే గడియ. అది నాకు తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు.

తర్వాత నన్ను ఊటకాలువ పంపకానికి మార్చారు. ఆ ఊరి ఏటిలో పైకి నీరు కనిపించదు. ఇసుకలో లోతుగా గాడి తవ్వితే ఊట చేరి, కాలువగా పొలాలకు పారుతుంది. ఒక్కొక్క రైతుకు ఒక్కొక్క వంతు. వంతు ఎంతసేపో చెప్పేది నేను. నీళ్లు వదిలే పని నీరుగంటిది. ఆ పనిలో గంగులప్ప అనేవాడు ఉండేవాడు. తెల్లవారగానే తానం చేసి, గుడి నుంచి నన్ను మడిబట్టలో చుట్టి తెచ్చి, కాలువ తల దగ్గర కానుగ చెట్టు కింద గంగాళంలో తేల్చేవాడు. అక్కడ గండి తెరవడమూ నన్ను తేల్చడమూ ఒకే క్షణంలో జరగాలి. నేను మునిగితే గండి మూయాలి. మునిగేదాకా మూయరాదు. అది ఆచారం.

కాలువ తలను ఆనుకొని ఉన్న మడులు ఓబుళరెడ్డివి. ఊరికి పెద్ద రైతు, గుడికి ధర్మకర్త. గండి తెరిస్తే చాలు, నీరు ఆయన గట్టు దాటి లోపల ఉండేది. కాలువ కొసన ఉన్న ఒక్క మడి సుంకులమ్మది. ఊరి వెలుపలి పేట మనిషి. మామ చేసిన చాకిరీకి ఎప్పుడో దక్కిన చెక్క అది. భర్త పోయాక తానే అరక పట్టించి, నాటు వేయించి, పైరు పెంచుకొంటున్నది. ఆమె వంతు వచ్చేసరికి కాలువ కింది భాగం ఎండి ఉండేది. ఎండిన ఇసుక ముందు తన దాహం తీర్చుకొని, ఆ తర్వాతే నీటిని కదలనిచ్చేది. నీరు ఆమె గట్టును తాకే వేళకు నేను అంచుదాకా నిండి ఉండేదాన్ని. ఆమె మడి తడిసీ తడవకముందే మునిగేదాన్ని. పైన గండి మూసిన తర్వాత కాలువలో మిగిలిన కాస్త నీటిని దారిలోని వాళ్లు తమ మడుల్లోకి మళ్లించుకొనేవారు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. పైరు పొట్ట మీద ఉంది. ఆ దశలో రెండు మంచి తడులు అందితే కంకి పాలు పోసుకొంటుంది, అందకపోతే గింజ పట్టక తాలు పోతుంది. సుంకులమ్మకు ఏడాది తిండి ఆ మడిలోనే ఉంది. పెద్దలు కానుగ కింద కూర్చున్న సమయం చూసి ఆమె వచ్చి, దూరంగా నిలబడి అడిగింది.

“రెడ్డి సామీ, ఆ గిన్నె మునిగేలోపల నీ మడిలో కప్పలు ఈదుతాయి, నా మడిలో చీమలు నడుస్తాయి. ఇదేం పంపకం?”

ఓబుళరెడ్డి కోపం తెచ్చుకోలేదు. ఆయన ఎన్నడూ కోపం తెచ్చుకొనేవాడు కాడు. ఆ అవసరం ఇతరులకు వదిలేసేవాడు. “కుడుక ఒకటే, బెజ్జం ఒకటే. నాకు పెద్ద కుడుక, నీకు చిన్న కుడుక పెట్టినామా మే? ఇంతకంటే సమానం యాడన్నా ఉంటే చూపీ, పోయి దండం పెట్టుకొనొస్తా.”

పెద్దలు నవ్వారు.

“కుడుక సమానమే సామీ. దాన్ని తేల్చే చోటు నీది. నీళ్లు నా గట్టు తాకినాక తేల్చమంటాండా. అంతకుమించి ఒక చుక్క అడగల్యా.”

“ఈ పొద్దు గట్టుకాడికి తెమ్మంటావు. రేపు గుళ్లోకే వస్తానంటావు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అసలు భయం బయటపడినప్పుడు మనుషులు నవ్వరు. గుడి అర్చకుడు నంబి తిరువేంగళయ్య అక్కడే ఉన్నాడు. జలాన్ని దేవతగా కొలిచే మంత్రాలను రోజూ ఆయన నోట విన్నాను. వాటిలో తల మడి, కొస మడి అన్న విభాగం నాకెక్కడా వినిపించలేదు. ఆయనకూ వినిపించి ఉండదు. అయినా ఉత్తరీయం సర్దుకొని, ఆచారం పూర్వులది, మార్చడానికి మనమెవరమని సెలవిచ్చాడు. ధర్మం అతిసూక్ష్మమైనదని ఆయన తరచు చెప్పేవాడు. నా బెజ్జం కూడా సూక్ష్మమైనదే. దాని గుండా మాత్రం నీరు దూరుతుంది.

సుంకులమ్మ వంతు వచ్చింది. గంగులప్ప గండి తెరిచి, నన్ను తేల్చబోతున్నాడు. ఆమె గబగబా నడిచి వచ్చి నన్ను అతని చేతిలోంచి లాక్కొని, కాలువ గట్టు వెంబడి కొసకు నడిచింది. అతడు వెనుక పరుగెత్తుతూ “తాకద్దు మే, తాకద్దు, గుడి సొత్తు” అని మొత్తుకొన్నాడు. తాకనే తాకింది. పనిచేసి కాయలు కాచిన ఆ చేయి నన్ను పట్టుకొన్న తీరు, కంచరి నన్ను చివరిసారి తుడిచి పక్కన పెట్టినట్టు ఉంది. అంతకుమించి చెప్పను. మెత్తబడటం నాకు నచ్చదు.

గట్టు మీద తన మట్టి కుండలో నీళ్లు పోసుకొని, కాలువ నీరు మడి అంచును తాకిన క్షణాన ఆమె నన్ను తేల్చింది. గంగులప్ప వచ్చి నిలబడ్డాడు. వెనుకనే రెడ్డి మనుషులు. అప్పుడు చూడాలి ఆ బలవంతుల ముఖాలు. నన్ను తీసుకుపోదామంటే, ఆమె తాకింది కనుక నేను మైలపడ్డాను, వాళ్లు ముట్టరాదు. గండి మూద్దామంటే, కుడుక మునగనిదే మూయరాదు. తాము కట్టుకొన్న రెండు ఆచారాల మధ్య ఇరుక్కొని, కండలు తిరిగిన మగవాళ్లు మట్టి కుండ చుట్టూ నిలబడి, నేను మునగడం కోసం ఎదురుచూశారు.

“నిలబడినారు గదా, అట్లే ఆ గట్టు తెగకుండా ఇంత మట్టేయండి నాయనా” అంది సుంకులమ్మ.

నేను తొందరపడలేదు. తొందరపడటం నా చేతిలో లేదు. ఆ ఒక్క గడియలో ఆమె మడి మడమ మునిగేటంత తడిసింది. నా జన్మలో న్యాయంగా కొలిచిన గడియ అదొక్కటే.

మరునాడు నన్ను శుద్ధి చేశారు. రాగికి పులుపు చాలునని శాస్త్రం. చింతపండుతో తోమితే నేను పరిశుద్ధను. నంబికి అది తెలుసు. కాని ఊరందరికీ కనబడేలా నిప్పుల్లో వేయాలన్నాడు ఓబుళరెడ్డి, నంబి తల వంచాడు. కణకణలాడే బొగ్గుల్లో నన్ను పడేసి మంత్రాలు చదివారు. కంచరి అంటించిన తగరపు బొట్టు కరిగి బూడిదలో కలిసింది. వాళ్ల శుద్ధిలో పోయింది నాలోని సత్యమే. బెజ్జం మునుపటిలా పెద్దదై, అప్పటి నుంచి గడియ నిండకుండానే మునగసాగాను.

అందరి గడియా సమానంగా కుదించుకుపోయింది. దాన్ని కూడా సమానత్వమే అనాలి మీ లెక్కన. గండిని ఆనుకొన్న మడులు ఆ కురచ గడియలోనూ తడిశాయి. సుంకులమ్మ తర్వాతి వంతులో, నీరు కాలువ సగం దారిలో ఉండగానే గంగులప్ప గండి మూశాడు. పైరుకు రెండో తడి అందలేదు. ఇది మైల చేసిన పాపమని నంబి ఆమెకే చెప్పాడు.

మధ్య మడుల రైతులకు కూడా నీరు చాలక గొణుగుడు మొదలైంది. అప్పుడు ఓబుళరెడ్డి పెద్దలను మళ్లీ పిలిచి, ఏటి గాడిలో తాను దింపుతున్న ఆయిల్ ఇంజన్ సంగతి చెప్పాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏళ్లు గడిచాయి, ఇంకా ఈ రాగి గిన్నె పెత్తనం ఎందుకు, ఇక ఎవరికి చేతనైనంత వారు తోడుకోవచ్చు, ఎవరికీ ఎవరి అడ్డూ లేదన్నాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. న్యాయం అడిగినదానికి స్వేచ్ఛ ఇచ్చి, పేరుకైనా ఉన్న ఆ సమతను లాక్కొన్నారు.

సుంకులమ్మ ఆనాడు ఒడినిండా కంకులు కోసుకొని వచ్చింది. కానుగ కింద, నన్ను తేల్చే గంగాళంలోనే వాటిని దులిపింది. గింజలయితే మునగాలి. అన్నీ తేలాయి. అంతా తాలు.

“స్వతంత్రం ఇంజనున్నోళ్లకు వచ్చె, సంతోషం. నా వంతు ఇదో, తేలతాంది. కొలిపించు సామీ, నీ కుడుకతోనే.”

ఓబుళరెడ్డి గంగాళం కడిగించమని గంగులప్పకు సైగ చేసి లేచాడు. ఆమె ఆ సాయంత్రమే మడిలోని పైరంతా పశువులకు కోసేసి, కూలి వెతుక్కుంటూ వేరే ఊరికి పోయింది. మళ్లీ నేను చూడలేదు. ఇంజన్ కింద గాడి లోతు పెరిగేకొద్దీ కాలువకు ఊట అందడం మానేసింది. మధ్య రైతుల చేలలో తుమ్మ మొలిచింది. తరువాత ఊటే అడుగంటి, ఇంజన్ కూడా మూగబోయింది. అది విని నేను సంతోషించానని అనుకొంటారేమో. సంతోషించాను.

నన్ను ఇక్కడికి దానం చేసింది ఓబుళరెడ్డి మనుమడు. పలక మీద నా పేరు కంటె అతని పేరే పెద్ద అక్షరాల్లో ఉంది. అందం కోసం నా చుట్టూ వరి కంకులు పేర్చారు. అవి గట్టి గింజ కంకులు, ఏ మడిలోవో తెలియదు. నా బెజ్జం పెద్దదని, నేను చూపేది ఇప్పుడు గడియ కాదని ఇక్కడివారికి తెలియదు. నన్ను నీళ్లలో వేసి చూసినవారెవరూ లేరు.

మీరు ఇప్పుడు పలక చదివారు, తల ఊపబోతున్నారు. ఊపకండి. అందరికీ ఒకటే కొలత అని గర్వంగా చెప్పుకొనేముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. రేపు మీ చేతికి నన్ను ఇస్తే, ఎవరి గట్టు దగ్గర తేలుస్తారు?